అడుగుజాడల చదువు
పొలములో దిగిన మృగమును పాదముద్రనుబట్టి గుర్తించు విధము

రాత్రివేళ పొలములో దిగి పైరును పాడుచేసిన మృగమును రైతు కంటితో చూచుట అరుదు. తెల్లవారి గట్టుమీదికి వచ్చునప్పటికి మిగిలియుండునవి రెండే: జరిగిన నష్టము, దానిని చేసిన జంతువు అడుగుజాడ. నష్టమును అందఱును చూతురు. జాడను చదువగలవారు కొలదిమంది మాత్రమే. చదువనేరని చోట ఊహ ప్రవేశించును. ఏదుపంది పెల్లగించిన వేరుసెనగకు అడవిపందిమీద నేరము మోపుదురు. ఊరకుక్కలు చంపిన మేకలకు చిఱుతపులిని దూషింతురు. ఊహనుబట్టి వేసిన కంచె అసలు దొంగను ఆపదు. అడవిపందికని కట్టిన తీగలక్రింద ఏదుపంది సునాయాసముగా త్రవ్వుకొని దూఱిపోవును. రైతు సొమ్మును పోవును, పంటయు పోవును.

ఇంతకంటె ఘోరమైనది మఱియొకటి గలదు. కోపముచేత కొందఱు కంచెకు విద్యుత్తు కలుపుదురు. కొందఱు చచ్చిన పశువు కళేబరమునకు విషము పట్టింతురు. ఆ తీగ పందిని పందియని, మనిషిని మనిషియని ఎఱుగదు. తెల్లవారుజామున నీరు పెట్టవచ్చిన ప్రక్కపొలము రైతు దానికి బలియైన సందర్భములు మన జిల్లాలలో లేకపోలేదు. కావున జాడ చదువుట వేటగాని వినోదము కాదు. నేరము చేయనివానిని దండింపకుండుటకును, చేసినదానిని తగినరీతిని అడ్డుటకును రైతునకు కావలసిన విద్య ఇది. ఈ పాఠమున దానికి మూలసూత్రములను వివరింతుము.

1. ఈ విద్యను నేర్పిన గురువులు

అడుగుజాడ పట్టుట అడవి జాతులకు తరతరములుగా వచ్చిన విద్య. నల్లమల చెంచులు ఇందు ఆరితేరినవారు. నాగార్జునసాగర్-శ్రీశైలము, ఆమ్రాబాద్ పులుల అభయారణ్యములలో అటవీశాఖవారు చెంచులను కావలివారుగా నియమించుకొనుటకు వారి ఈ నేర్పే ముఖ్యకారణము.

ఈ విద్యను క్రమమైన పాఠముగా కూర్చిన ప్రకృతిశాస్త్రజ్ఞులలో ఇరువురిని ఇచట పేర్కొనవలెను. ఒరిస్సా అటవీశాఖలో పనిచేసిన సరోజ్ రాజ్ చౌధురీ 1966లో పులి పాదముద్రలను గాజుపలకమీద గీసికొని పోల్చిచూచు పద్ధతిని ప్రవేశపెట్టి, సామాన్య అటవీసేవకులకు దానిని నేర్పెను. ఆ పద్ధతిమీదనే 1972లో దేశమంతట పులులను లెక్కించి 1,827 అని తేల్చిరి. చౌధురీ పిమ్మట సిమిలీపాల్ పులుల అభయారణ్యమునకు మొదటి అధికారి యయ్యెను.

రెండవవాడు దక్షిణాఫ్రికాకు చెందిన లూయీ లీబెన్‌బర్గ్. విజ్ఞానశాస్త్రమునకు పుట్టినిల్లు జాడపట్టు విద్యయేయని ఆయన 1990లో ప్రకటించిన గ్రంథమున వాదించెను. గుర్తును చూచుట, కారణము ఊహించుట, ఆ ఊహ నిజమా యని తరువాతి గుర్తుతో సరిచూచుట: శాస్త్రజ్ఞుడును, జాడగాడును చేయుపని ఒక్కటే యని ఆయన మతము. 1994లో ఆయన జాడగాండ్రను పరీక్షించు పద్ధతిని నెలకొల్పెను. ఆ పరీక్షకు కాగితము అక్కఱలేదు. నేలమీద దొరకిన గుర్తుచుట్టు గీత గీసి, ఇది దేనిదని పరీక్షకుడు ఒక్కొక్కని ప్రత్యేకముగా అడుగును. అందఱును చెప్పిన పిమ్మట ఆ గుర్తుచుట్టును కూర్చుండి, సరియైన సమాధానము ఏలాగు సరియైనదో, తప్పు ఏలాగు తప్పో అచ్చటనే బోధించును. అక్షరజ్ఞానము లేనివాడును ఇందు పట్టభద్రుడు కావచ్చును. మన సంఘములలో చదువుకూటములు నడుపువారికి ఇది మిక్కిలి అనుకరణీయమైన పద్ధతి.

2. పాదమునకు ముందు ఎముకలను తెలిసికొనుడు

ముద్రను చదువవలెనన్న ముందు దానిని వేసిన పాదము ఎట్టిదో తెలియవలెను. ఇందుకు మీ చేయియు, మీ కొట్టములోని ఎద్దును చాలును.

స్తన్యజంతువు లన్నిటికిని కాలి ఎముకల అమరిక మూలమున ఒక్కటియే. అయిదు వ్రేళ్లు ఆదిరూపము. జీవనవిధానమునుబట్టి కొన్ని వ్రేళ్లు క్షీణించినవి, కొన్ని బలిసినవి. నడకనుబట్టి వీనిని మూడు తరగతులుగా విభజింతురు.

మొదటి తరగతి, మడమతోసహా అఱకాలు మోపి నడచునవి. మనుష్యుడు, ఎలుగుబంటి, ఏదుపంది ఇందు చేరును. రెండవది, మడమ ఎత్తి వ్రేళ్లమీద నడచునవి. పులి, పిల్లి, కుక్క, నక్క, తోడేలు ఇందు చేరును. కుక్క వెనుకకాలిలో వెనుకకు వంగి మోకాలివలె కనబడునది మోకాలు కాదు, మడమ. అసలు మోకాలు పొట్టకు దాపున నుండును. మూడవది, వ్రేళ్ల కొనలమీద, అనగా గోళ్లమీదనే నడచునవి. ఎద్దు, గేదె, మేక, జింక, పంది, గుఱ్ఱము ఇందు చేరును. గిట్ట యనగా బలిసిన గోరే.

ఎద్దు ముంగాలిలో మనము మోకాలని పిలుచునది నిజమునకు దాని మణికట్టు. దానిక్రింద నిలువుగా నుండు ఎముక మన అఱచేతి ఎముకలలో నడిమి రెండును ఏకమై యేర్పడినది. చీలిన రెండు గిట్టలు మన మధ్యవ్రేలికిని ఉంగరపు వ్రేలికిని సరిపోవును. వెనుకవైపున పైగా వ్రేలాడు రెండు చిన్న గిట్టలు చూపుడువ్రేలికిని చిటికెనవ్రేలికిని గుర్తులు. బొటనవ్రేలు పూర్తిగా పోయినది. గుఱ్ఱమునకైతే మధ్యవ్రేలు ఒక్కటే మిగిలినది. మీ అఱచేతిని బల్లమీద నిలువుగా నిలిపి, నడిమి రెండు వ్రేళ్ల కొనలు మాత్రము ఆనించి చూడుడు. ఎద్దు నడక మీకు బోధపడును.

3. పిల్లిజాతి, కుక్కజాతి

ఈ రెండింటిని వేఱుపఱచుటయే మొదటి పాఠము. ఏలనగా గొఱ్ఱెలు మేకలు చచ్చినప్పుడు తగవంతయు ఇచ్చటనే వచ్చును. రెంటికిని ముద్రలో నాలుగు వ్రేళ్లును, వెనుక ఒక పెద్ద మెత్తయు కనబడును. ముంగాలికి అయిదవ వ్రేలు గలదు గాని, అది పైనుండుటచే సాధారణముగా నేల నంటదు.

పిల్లిజాతి ముద్ర గుండ్రముగా నుండును. గోళ్లు ఒరలోనికి ముడుచుకొనుటచే గోటిగుర్తు సామాన్యముగా పడదు. వ్రేళ్లతో పోల్చగా పెద్దమెత్త చాల పెద్దది. ఆ మెత్త వెనుక అంచున మూడు తమ్మెలు స్పష్టముగా నుండును. వ్రేళ్లు సమముగా నుండవు. నడిమి రెండింటిలో ఒకటి ముందునకు సాగియుండును.

కుక్కజాతి ముద్ర కోలగా నుండును. గోటిగుర్తులు పడును. పెద్దమెత్త చిన్నది, ముక్కోణాకారముగలది. కుడియెడమలు సరిసమానముగా నుండుటచే, వ్రేళ్లకును మెత్తకును నడుమ రెండు పుల్లలను గుణకారపు గుర్తువలె అడ్డముగా పెట్టిన, అవి మెత్తను తాకక ఇమిడిపోవును. పిల్లిజాతి ముద్రలో అట్లు ఇమడవు.

గోటిగుర్తు నొక్కదానినే నమ్మరాదు. బురదలో జాఱునప్పుడు చిఱుతపులియు గోళ్లు చాచును. గట్టినేలమీద కుక్కగోరు గుర్తు పడకపోవచ్చును. మెత్త ఆకారమే మొదటి సాక్షి. గోరు రెండవ సాక్షి.

పిల్లిజాతి ముద్ర కుడికాలిదా, ఎడమకాలిదా యని తెలియుటకు ఒక సులభోపాయము గలదు. మీ కుడిచేతిని నేలమీద బోర్లించి, బొటనవ్రేలిని మడువుడు. మిగిలిన నాలుగు వ్రేళ్లలో మధ్యవ్రేలు ముందునకు సాగి, నడిమి రెంటిలో ఎడమవైపున నుండును. అట్లే ముద్రలో ముందునకు సాగిన వ్రేలు నడిమి రెంటిలో ఎడమవైపుననున్న అది కుడిపాదము; కుడివైపుననున్న ఎడమపాదము.

కొలతలు: చిఱుతపులి పాదముద్ర వెడల్పు సాధారణముగా 7 మొదలు 9 సెంటీమీటర్లు, ఎదిగిన పెద్దపులిది అంతకంటె పెద్దది. పెద్దపులి పిల్ల అడుగు చిఱుతపులి అడుగంత యుండవచ్చును గాన, ప్రక్కన తల్లిజాడ కలదేమో చూడవలెను. పిల్లిజాతిలో ముంగాలి ముద్ర వెనుకకాలి ముద్రకంటె పెద్దది. తోడేలు ముద్ర పెద్ద కుక్క ముద్రను పోలియుండుటచే ఒక్క ముద్రతో తీర్పు చెప్పరాదు. నడకను చూడుడు: ఊరకుక్క అటునిటు తిరుగుచు, ఆగుచు, వాసన చూచుచు పోవును. తోడేలు, నక్క తఱుచుగా ఒకే దారిని నేరుగా సాగిపోవును. దుమ్ములగొండికి ముంగాలు వెనుకకాలికంటె విశేషముగా పెద్దది. ఈ భేదము కన్నులకు కొట్టవచ్చినట్లుండును.

4. గిట్టల జంతువులు

జింకజాతి ముద్ర హృదయాకారముగా, ముందు కొన సన్నముగా నుండును. కొన ఎటు చూపునో జంతువు అటు పోయినదని గ్రహింపవలెను. కృష్ణజింక ముద్ర చిన్నది, మిక్కిలి కొనదేఱినది. దుప్పిది దానికంటె కొంత వెడల్పు. కణుజుది మఱింత పెద్దది. మేకముద్రకు కొనలు మొద్దుగా నుండును. ఎద్దు, గేదెల గిట్టలు వెడల్పుగను గుండ్రముగను ఉండుట మీ రెఱిగినదే.

అడవిపంది ముద్రను జింకముద్రనుండి వేఱుపఱచునది వెనుకనుండు చిన్నగిట్టలే. జింకకు అవి పైగా నుండుటచే మెత్తని బురదలోనో, దుముకునప్పుడో తప్ప నేల నంటవు. పందికి అవి క్రిందుగను, వెలుపలికి విచ్చుకొనియు ఉండుటచే కొద్దిపాటి మెత్తనేలలోను పెద్దగిట్టల వెనుక ఇరుప్రక్కల రెండు గుర్తులు పడును. నాలుగు గుర్తులు కలిసిన ముద్రను, నాగలి పోయినట్లు పెల్లగించిన మట్టిని ఒక్కచోట చూచిన, పంది యని నిశ్చయింపవచ్చును. దాని ముట్టెకొనను గట్టి మృదులాస్థిబిళ్లయు, దానికి ఊతగా ఒక చిన్న యెముకయు కలవు; నేలను దున్నగల శక్తి దానివలననే వచ్చినది.

చిత్తూరు ప్రాంతమున, కౌండిన్య అభయారణ్యము చుట్టుపట్ల ఏనుగుల బెడద గల రైతులకు ఒక సూత్రము: ముంగాలి ముద్ర గుండ్రము, వెనుకకాలి ముద్ర కోల. ముంగాలి ముద్ర చుట్టుకొలతను రెండుచేత హెచ్చించిన, భుజమువఱకు ఏనుగు ఎత్తు ఇంచుమించుగా వచ్చును. దీనినిబట్టి మందలో పిల్లలున్నవో లేవో తెలియును.

5. ఎలుగుబంటి, ఏదుపంది, కుందేలు

ఎలుగుబంటి వెనుకకాలి ముద్ర చెప్పులులేని మనిషి అడుగును పోలియుండుటచే కొందఱు భ్రమపడుదురు. అయిదు వ్రేళ్లును ఇంచుమించు ఒకే వరుసలో నుండుటయు, ముంగాలి గోళ్ల గుర్తులు వ్రేళ్లకు చాల దూరముగా ముందు పడుటయు దాని ఆనవాళ్లు. ఆ గోళ్లు పుట్టలను త్రవ్వుటకు. చెదలను పీల్చుకొనుటకు అనుకూలముగా దాని పైదవడ ముందుపండ్లలో నడిమి రెండును ఉండవు.

ఏదుపంది అఱకాలు మోపి నడచును, ముద్ర చిన్నది. దుమ్ములో తోకముండ్లు ఈడ్చిన సన్నని గీతలు ప్రక్కన కనబడును. ఒక్కొక్కప్పుడు రాలిన ముల్లే దొరకును. అడవిపంది మడినంతయు చిందరవందర చేయగా, ఏదుపంది ఒక్కొక్క మొదటిచెంత గుంట త్రవ్వి దుంపనో, వేరునో కొఱికి తినును. కొఱికిన చోట ఉలితో చెక్కినట్లు జంటగాట్లు పడును.

కుందేలు దుముకునప్పుడు వెనుకకాళ్లు ముంగాళ్లను దాటి ముందు పడును. కాబట్టి పొడుగైన రెండు గుర్తులు ముందును, చిన్నవి రెండు వెనుకను ఉండును. దీని నెఱుగనివాడు జంతువు వెనుకకు పోయినదని అనుకొనును.

6. పండ్లు, కాటు, గాయము

అడుగు అస్పష్టమైనచోట పండ్లు సాక్ష్యమిచ్చును. జింక, మేక, పశువులకు పైదవడను ముందుపండ్లు లేవు. ఆకును పట్టి పీకును గనుక తెగిన కొన పీచుపీచుగా నుండును. కుందేలు, ఎలుక, పందికొక్కులకు పైని క్రిందను ఉలివంటి పండ్లు గలవు గనుక కొన కత్తితో కోసినట్లు తెగును. మొలకను చూచినంతనే ఈ భేదము తెలియును.

మాంసాహారులకు పొడుగైన కోఱపండ్లును, దవడలో కత్తెరవలె పనిచేయు పండ్లును ఉండును. పిల్లిజాతికి 30, కుక్కకు 42, పశువునకు 32, పందికి 44 పండ్లు. చిఱుతపులి తఱుచుగా గొంతు పట్టి ఊపిరాడకుండ చేసి చంపును. గొంతున లోతైన కోఱగంట్లు కొలదిగా నుండును. శవమును పొదలోనికి ఈడ్చిన గుర్తు కనబడును. కుక్కల గుంపు తొడలను, ప్రక్కలను, చెవులను పలుచోట్ల కఱచి చీల్చును. దొడ్డిలో చిక్కిన చిఱుతయు ఒక్కొక్కప్పుడు అనేకజీవములను చంపును గనుక, చచ్చిన జీవముల సంఖ్యనుబట్టి తీర్మానింపరాదు.

పశువైద్యుడు చర్మము తీసి చూచునప్పుడు ముఖ్యముగా గమనించునది ఇది: కాటుక్రింద నెత్తురు గడ్డకట్టియున్న, ప్రాణముండగా కఱచినదని అర్థము. నెత్తురు చేరని గాటు చచ్చిన పిమ్మట పడినది. రోగముచే చచ్చిన గొఱ్ఱెను రాత్రి నక్క పీకియుండవచ్చును. అట్టిచోట అసలు శత్రువు నక్క కాదు, రోగము. మందకంతకు మందు వేయించుట అప్పుడు మన విధి. జాడ చదువుట మందను కాపాడు ఘట్టము ఇదియే.

7. జాడ వయస్సు

క్రొత్త ముద్రకు అంచులు పదునుగా నుండును. కాలము గడచిన కొలది గాలికి అంచు రాలును, మంచుబిందువులు పడును, పురుగులు దానిమీద నడచును. వర్షపు చినుకు గుంటలు ముద్రలోపల నున్న, వానకు ముందరి జాడ. ఏ నేలలో ఎంతసేపటికి ఏ మార్పు కలుగునో గ్రంథము చెప్పజాలదు. మీ పొలములో ఉదయమున మీ పాదముద్ర నొకదానిని వేసి, మధ్యాహ్నమును, సాయంకాలమును, మఱునాడును పరిశీలింపుడు. అదియే మీకు గడియారము.

పరుగునకు ముద్రల నడుమ దూరము పెరుగును, వ్రేళ్లు విచ్చుకొనును, మట్టి వెనుకకు చిమ్మును. ఏటవాలు ఎండలో, ఉదయసాయంకాలములందు, ముద్రను సూర్యునకును మీకును నడుమ నుంచుకొని చూచిన నీడ పడి స్పష్టపడును.

8. ఈ విద్యకు గల హద్దు

ఏ జాతి జంతువో, ఎటు పోయినదో, ఎప్పుడు పోయినదో ముద్ర చెప్పగలదు. ఇది ఫలానా పులియే యని, మొత్తము ఇన్ని పులులని చెప్పుట దానికి మించిన పని. నేలనుబట్టి, నడకనుబట్టి ఒకే పాదము పలురూపముల ముద్ర వేయును. ఈ సత్యము రాజస్థానములో కఠినముగా తెలిసివచ్చినది. పాదముద్రల లెక్కలలో పులులున్నవని చూపిన సరిస్కాలో 2005లో ఒక్క పులియు మిగులలేదని తేలినది. అటుపిమ్మట 2006 మొదలు జాడలకు తోడు చాయాచిత్ర యంత్రములను అడవిలో అమర్చి, పులి చారలనుబట్టి లెక్కించుచున్నారు. జాడపట్టు విద్య అబద్ధమని దీనికి అర్థము కాదు. ఆ యంత్రమును ఏ దారిలో నిలుపవలెనో నిర్ణయించునది నేటికిని జాడగాడే. తెలిసినంతవఱకే చెప్పుట ఈ విద్యలో మొదటి ధర్మము.

9. సంఘములు చేయదగిన పని

ప్రతి సంఘమును ఒక కొలతటేపు, కొంత ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్, ఒక నమోదుపుస్తకము ఉంచుకొనుట మంచిది. మంచి ముద్ర దొరకినప్పుడు చుట్టును దళసరి కాగితపు పట్టీ నిలిపి, రెండుపాళ్లు పొడికి ఒకపాలు నీరు కలిపి మెల్లగా పోయవలెను. అఱగంట గడచిన పిమ్మట గట్టిపడిన అచ్చును జాగ్రత్తగా ఎత్తవలెను. దానిమీద తేది, పొలము, పైరు పేరు వ్రాయవలెను. అచ్చు తీయుటకు ముందు ప్రక్కన కొలబద్ద నుంచి చాయాచిత్రము తీసికొనుట మఱింత మేలు.

పశువు చచ్చినచో కళేబరమును కదల్పరాదు. జాడలను జనము త్రొక్కకుండ తట్టలు బోర్లించి, అటవీశాఖకును పశువైద్యునకును వెంటనే తెలుపవలెను. నష్టపరిహారపు దరఖాస్తునకు ఇట్టి ఆధారములు బలము నిచ్చును. క్రొత్త జాడ చిఱుతపులిదో, ఎలుగుదో, పిల్లలు గల పందిదో అయినచో దానివెంట పోరాదు. వెనుకకు, అనగా అది వచ్చిన దిక్కునకు, జాడ పట్టి చూచిన కంచెలో సందు ఎచ్చట నున్నదో తెలియును. రైతునకు కావలసినది అంతియే.

అభ్యాసము

1. పొలము మూలను గజము చదరమున మన్నును జల్లించి పఱచి, వారము దినములు ప్రతి ఉదయమున దానిమీది ముద్రలను గీసికొనుడు.

2. మీ కుక్కను, పిల్లిని, మేకను, ఎద్దును ఆ మంటిమీద నడిపించి, ముంగాలి వెనుకకాలి భేదములను కొలిచి వ్రాయుడు. ఇంటి జంతువును చదువనివాడు అడవి జంతువును చదువలేడు.

3. నెలకొకమాఱు సభ్యులు పదిమంది చేరి, దొరకిన గుర్తుచుట్టు గీత గీసి, ఒకరు చెప్పినది మఱియొకరు వినకుండ సమాధానములు చెప్పి, పిమ్మట కలిసి చర్చింపుడు. గ్రామమున వృద్ధులైన కాపరులున్న వారినే గురువులుగా కూర్చుండబెట్టుడు.

4. ఈ సంవత్సరము మీ గ్రామమున జరిగిన పంటనష్టములను, జాడతో రుజువైనవని, ఊహ మాత్రమేయని రెండు పట్టికలుగా వ్రాయుడు. రెండవ పట్టిక ఏటేట తగ్గుచు వచ్చుటయే ఈ చదువునకు ఫలము.